మొత్తం వేయని పద్దు

ప్రశ్న: మేడం గారికి నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పేరు, ఊరు వేయొద్దు. నాకు 41 ఏళ్లు. పదకొండేళ్లుగా రొయ్యల మేతలు, మందుల షాపు నడుపుతున్నాను. ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు, లెక్కలు మా ఆవిడ చూస్తుంది. పొద్దున్న ఆరున్నరకి షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిదిన్నరకి దించుతాను. ఆదివారం లేదు, పండగ లేదు. అసలు పని షట్టర్ దించాకే మొదలవుతుందండి. రాత్రి రెండింటికి, మూడింటికి ఫోన్లు. ‘డీవో (నీటిలో ఆక్సిజన్) పడిపోయింది, రొయ్య పైకి తేలుతోంది, ఏం చెయ్యమంటావు’ అని. ఫోన్ తీయకపోతే పొద్దున్నే షాపుకొచ్చి ‘మేం మునిగిపోతుంటే నువ్వు పడుకున్నావా’ అంటారు.

మేత అంతా అరువే. పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక ఇస్తారు. వైరస్ వస్తే ఇవ్వరు, రేటు పడితే సగం ఇస్తారు. బయట అరవై లక్షల పైనే ఉండాలి. ఏడాదిన్నరగా లెక్క కట్టలేదు, కట్టాలంటే భయం. కంపెనీకి కట్టడానికి 20 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. కిందటేడు టార్గెట్ కొట్టానని కంపెనీ వాళ్లు విదేశం టూరు తీసుకెళ్లారు. నాలుగు రోజులూ హోటల్ గదిలో ఫోన్ పట్టుకునే ఉన్నాను.

ఈమధ్య ఒక రైతు రెండెకరాల చెరువు తెల్లమచ్చ రోగం వచ్చి పోయిందని నా ముందు కూర్చుని ఏడ్చాడు. నాకేమీ అనిపించలేదండి. నా డబ్బు పోయింది అనుకున్నాను, అంతే. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. బస్తాల లెక్క తప్పుతున్నాను. పిల్లాడి మీద ఊరికే అరుస్తున్నాను. నిద్ర కోసం రాత్రి రెండు పెగ్గులు వేస్తున్నాను. గుండెల్లో పట్టేసినట్టుంటే ఈసీజీ తీయించాను, బానే ఉందన్నారు. మా ఆవిడ ఏమీ అనదు. మా నాన్న జీవితమంతా వ్యవసాయం చేశాడు, ఏనాడూ అలిసిపోయానని అనలేదు. నేను బద్ధకస్తుణ్ణి అయిపోయానా? షాపు మూసేయమంటారా?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఒక చిన్న గుణకారం చేద్దాం. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పదిహేను గంటలు. వారానికి ఏడు రోజులు. 105 గంటలు. రాత్రి ఫోన్లు ఇందులో కలపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని తేల్చాయి. మీరు ఆ 55కి దాదాపు రెట్టింపు దగ్గరున్నారు. బద్ధకస్తుడు ఎక్కడా ఇలా ఉండడు. ఆ మాట మీ నోట మళ్లీ రానివ్వకండి.

మీకు వచ్చినదాన్ని ఇంగ్లీషులో బర్నౌట్ అంటారు. 1974లో న్యూయార్క్‌లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు ఈ మాటను పరిశోధన పత్రికల్లోకి తెచ్చాడు. ఉచిత వైద్యశాలలో పగలూ రాత్రీ రోగులకు సేవ చేసి చేసి వట్టిపోయిన మనుషులను, తనతో సహా, చూసి రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా లెక్కించలేదు గాని, పని వల్ల వచ్చే స్థితిగా గుర్తించి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి ఇంకిపోవడం. చేసే పని మీద మనసు విరిగిపోవడం. ఇదివరకు సునాయాసంగా చేసిన పని చేతకాకపోవడం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి, మీరు వేరే మాటల్లో రాశారంతే.

అందులో రెండోదాని గురించే మీరు ఎక్కువ కుమిలిపోతున్నారు. రైతు ఏడిస్తే ఏమీ అనిపించలేదన్నారు. పార పట్టిన అరచేతికి కాయలు కాసినట్టే, రోజూ ఏదో ఒక చెరువు చావు కబురు వినే మనసుకీ కాయ కాస్తుంది. అది దుర్మార్గం కాదు. దుర్మార్గుడికి తర్వాత అసహ్యం వేయదు, నాలాంటి ముక్కూ మొహం తెలియని మనిషికి ఉత్తరమూ రాయడు. ఆ రైతు దగ్గరికి ఇప్పుడైనా ఒకసారి వెళ్లి, డబ్బు ప్రస్తావన లేకుండా, ఓ పది నిమిషాలు గట్టు మీద కూర్చుని రండి. ఆయన కోసం ఎంతో, మీ కోసమూ అంతే.

నాన్నగారి సంగతి. ఆయన అలిసిపోయానని అనకపోవడానికి కారణం ఒకటుంది. ఆయన కష్టపడలేదని కాదు, డెల్టాలో వ్యవసాయం ఎంత ఒళ్లు పిండుతుందో చూస్తూ పెరిగినదాన్ని. కాని ఏటా ఎండాకాలం కాలువలు కట్టేసేవారు. ఇప్పటికీ కట్టేస్తున్నారు. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆగిపోయాక దాళ్వా (రెండో పంట వరి) కోసేసిన చేలు బీటలు తీస్తాయి. కాలువలో పూడిక తీస్తారు, గుర్రపు డెక్క లాగుతారు, గట్లు పూడుస్తారు, లాకులకు మరమ్మతు చేస్తారు. రైతు ఆ రోజుల్లో పెళ్లిళ్లకు తిరుగుతాడు, మామిడి చెట్టు కింద మంచం వేసుకుంటాడు. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలేదాకా ఎవరూ ఆయన్ని పనిలోకి దిగమనరు. పొద్దు గూకితే ఇంటికి వస్తాడు, చేను ఆయనకి ఫోన్ చేయదు. మీ చేతికి వచ్చిన వ్యాపారంలో ఆ కాలువ కట్టడం లేదు. మీరు నాన్నగారికంటే బలహీనులు కారు. ఆయనకు ఉన్న ఆనకట్ట మీకు లేదు, అంతే తేడా.

ఇంతకీ అసలు విషయం ఇంకా చెప్పలేదు. మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వని మాట రాత్రి ఫోన్ల గురించినది కాదు. ‘ఏడాదిన్నరగా లెక్క కట్టలేదు, కట్టాలంటే భయం’ అన్నారు చూశారా, అక్కడ ఆగిపోయాను. ఆ మాట నేనిదివరకు ఒక పుస్తకంలో చూశాను.

మా నాన్నగారు అమలాపురం దగ్గర ఎరువుల కొట్టు నడిపేవారు. మీలాగే అరువు బేరం. సార్వాకి, అంటే తొలకరి వరికి, ఇచ్చిన బస్తాలకు కుప్ప నూర్చాక డబ్బు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోతకు దగ్గరపడిన వరి నీళ్లలో పడుకుంది. కొబ్బరి చెట్లు మొదళ్లతో సహా లేచిపోయాయి. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లకు ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే ఒంట్లో వణుకు వస్తుంది. ఊళ్లో సగం ఇళ్ల మీద కప్పు లేదు, వాళ్లను అరువు డబ్బు ఎలా అడుగుతారు? నాన్న అడగలేదు. అడగకపోగా దాళ్వాకి మళ్లీ అరువిచ్చారు. ఇవ్వకపోతే పాత బాకీ ఎప్పటికీ రాదు, ఇస్తే బాకీ పెరుగుతుంది. మీకు ఈ పీట ముడి నేను వివరించక్కర్లేదు.

తర్వాత మూడేళ్లు ఆయన తెల్లవారకముందే లేచి సైకిలేసుకుని ఊళ్లు తిరిగారు. ఇంట్లో మాట్లాడటం మానేశారు. అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తూ ఉండేవారు. నేనప్పటికి బ్యాంకులో ఉద్యోగంలో ఉన్నాను. సెలవు పెట్టి వెళ్లినప్పుడల్లా ‘ఎంత రావాలి నాన్నా, కూర్చుని చూద్దాం’ అనేదాన్ని. ‘చూద్దాంలేమ్మా’ అనేవారు. ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ ఎడమచెయ్యి పక్కకు జారిపోయింది. పక్షవాతం. కాలు ఈడ్చుకుంటూ ఇంకో తొమ్మిదేళ్లు బతికారు. పోయాక పద్దు పుస్తకాలు తీసి చూశాను. 96 నవంబరు దాకా ప్రతి పేజీ కింద ముత్యాల్లాంటి అంకెలతో మొత్తం వేసి ఉంది. ఆ తర్వాత మూడేళ్ల పేజీల్లో పేర్లున్నాయి, బస్తాలున్నాయి, తేదీలున్నాయి. కింద గీత గీసి ఉంది. గీత కింద ఖాళీ.

ఆ ఖాళీలన్నీ నేను కూర్చుని నింపాను. రెండు సాయంత్రాలు పట్టింది. వచ్చిన మొత్తం మేమంతా భయపడినదాంట్లో మూడోవంతు కూడా లేదు. తుఫాను తర్వాత చిన్న చిన్నగా చాలామంది కడుతూనే వచ్చారు. ఆయన జమ రాసుకున్నారు కాని, తీసివేసి చూడలేదు. మా నాన్నను ఒంటిచేత్తో మిగిల్చింది తుఫాను ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. ఆయన తలలో మోసిన అంకె అసలు అంకెకంటే మూడింతలు పెద్దది.

అందుకని, తమ్ముడూ, సెలవు తీసుకోండి, యోగా చేయండి, పాటలు వినండి అని నేను ముందు చెప్పను. హోటల్ గదిలో నాలుగు రోజుల సెలవు మీకేం చేసిందో మీరే రాశారు. ముందు మొత్తం వేయండి.

ఒక్కరూ కూర్చోకండి. మీ ఆవిడను పక్కన పెట్టుకోండి, ఎలాగూ ఆవిడకే ఎక్కువ తెలుసు. షాపులో వద్దు, ఇంట్లో. పేరు, ఎన్ని ఎకరాలు, ఏ పంటలో ఎంత ఇచ్చారు, చివరిసారి డబ్బు ఎప్పుడు వచ్చింది. అన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చాక మూడు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. ఈ పట్టుబడికి వచ్చేవి ఒక రంగు. ఆలస్యమైనా, విడతల్లో అయినా వచ్చేవి ఒక రంగు. ఇక రానివి మూడో రంగు. మూడో రంగు వేసేటప్పుడు చెయ్యి ఆడదు. వేయండి. ఆ డబ్బు పోయి ఎప్పుడో అయింది, దాన్ని తలలో మోయడం మాత్రం ఇవాళ ఆపొచ్చు. రెండో రంగు వాళ్ల విషయంలో ఒక సంగతి మరిచిపోవద్దు. సరుకు బాకీకైనా ప్రోనోటుకైనా కోర్టుకు వెళ్లే గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ గడువు దాటకముందే అప్పున్న మాట ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చినా, కొంత కట్టి నోటు మీద చెల్లు వేసి సంతకం చేసినా, అక్కడి నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. మీరు కోర్టుకు వెళ్తారని కాదు. ‘ఐదువేలైనా ఇచ్చి చెల్లు వేయండి బాబాయ్’ అని అడగడానికి మొహమాటం ఉండదు, ఇవ్వడానికి ఆయనకీ పరువు తక్కువ కాదు.

అదే కాగితం వెనక మీరు ఇవ్వాల్సినవి రాయండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 20 లక్షల మీద నెలకు 40 వేలు, ఏడాదికి 4 లక్షల 80 వేలు. ఆ డబ్బుతో మేత కొని మీరు రైతుకు అరువిచ్చారు. అంటే ఆయన చెరువు మీద అప్పు చేసింది మీరు, వడ్డీ కడుతున్నది మీరు, ఆయన చెరువులో రొయ్య తేలితే మంచం మీద లేచి కూర్చునేదీ మీరే. మీకు నిద్ర ఎందుకు పట్టడం లేదో ఇందులోనే ఉంది. ఎవరి చెరువులో మబ్బు పట్టినా మీ ఇంటి మీద వాన పడుతోంది. వచ్చిన డబ్బులో మొదటి రూపాయి ఈ వడ్డీ అప్పుకే వెళ్లాలి. కంపెనీ టార్గెట్‌కి కాదు. టార్గెట్ కొడితే టూరు అంటారు. వాళ్లకు అమ్మకం కావాలి, అరువు మీ మెడకు. ఈ ఏడాది టార్గెట్ తగ్గించమని చెప్పండి. తగ్గించకపోతే టూరుకు వేరే ఎవరైనా వెళ్తారు.

ఇక ఇచ్చే అరువు. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో అప్పులిచ్చిన మనిషిని. పంట రుణం ఇచ్చేటప్పుడు ఏ పంటకు ఎకరానికి ఎంత అన్నది సీజన్‌కి ముందే ఖరారు చేసి పెడతారు. స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటాం. అన్ని కోట్లున్న బ్యాంకుకే ఎకరానికి ఇంత అన్న హద్దుంటే, 20 లక్షలు వడ్డీకి తెచ్చుకున్న మీకు లేదు. మీరు మొహం చూసి ఇస్తున్నారు. మొహం చూసి ఇచ్చినదాన్ని మొహం చూసి అడగలేరు. వచ్చే పంటకు సీడు (రొయ్య పిల్లలు) వదలకముందే ప్రతి రైతుతో కూర్చుని, ఎకరానికి ఇన్ని బస్తాలు అరువు, అది దాటితే నగదు అని చెప్పి ఆయన చేతే రాయించండి. రొయ్యల సాగులో ఖర్చు సగానికి పైగా మేతకే పోతుందని ఆయనకూ తెలుసు. పట్టుబడి దగ్గరికి వచ్చి ఆపేస్తే గొడవ, మొదట్లోనే చెబితే మాట.

కొందరు పక్క షాపుకు పోతారు. పోతారని ఇప్పుడే అనుకుని ఉండండి. అలా పోయేవాళ్లలో చాలామంది మీ కాగితం మీద మూడో రంగులో ఉన్నవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం.

రాత్రి ఫోన్ల సంగతి ఇప్పుడు. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే దీనికి దారి మీ వ్యాపారంలోనే ఉంది. పగలు చెరువులో నాచు ఎండ తగిలి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచూ పీల్చుకుంటుంది, రొయ్యా పీల్చుకుంటుంది, అడుగున మిగిలిపోయి కుళ్లే మేతా లాగేస్తుంది. తెల్లవారుజామున, పొద్దు పొడవకముందు, నీటిలో ఆక్సిజన్ బాగా కిందికి పోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీను. నేను చెబుతున్నది మీకు కొత్త కాదు, నాకు ఇది నేర్పిందే మీలాంటివాళ్లు. మరి మూడింటికి ఫోన్ వచ్చినప్పుడు మీరు చెప్పే జవాబు ఏమిటి? నీటిని చిలికే ఏరియేటర్లన్నీ వేయి. కరెంటు లేకపోతే జనరేటర్ వేయి, డీజిల్ ఉందా చూసుకో. ఆక్సిజన్ గుళికలు చల్లు. పొద్దున్న మేత ఆపు. ఏ రోజైనా ఇంతకుమించి చెప్పారా? ఇది మంచం మీద నుంచి లేచి చెప్పాల్సిన జవాబు కాదు. ముందే రాసి చెరువు గట్టు మీద కాపలా మకాంలో గోడకు అంటించాల్సిన జవాబు.

సీడు వదిలిన రోజే ప్రతి రైతుకూ ఒక రాత్రి మూట ఇవ్వండి. అందులో గుళికల ప్యాకెట్లు, ఒక టార్చి, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించిన కాగితం. కాపలా ఉండే మనిషికి ఒకసారి మీరే చేసి చూపించండి. గుళికలకు అరువు వద్దు, నగదు తీసుకోండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ కాగితం కిందే రాయించండి: రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున్న ఆరు దాకా షాపు ఫోన్ పనిచేయదు అని. ఒక్కసారిగా భయమనిపిస్తే, ఫిషరీస్ డిప్లొమా చేసి పని కోసం చూస్తున్న కుర్రాణ్ణి రాత్రి ఫోన్‌కి పెట్టుకోండి, లేదా పక్క ఊరి షాపు ఆయనతో మాట్లాడుకుని వారం మీరు, వారం ఆయన తీయండి. ఆ కుర్రాడి జీతం మీరిప్పుడు కడుతున్న నెల వడ్డీలో సగం ఉండదనుకుంటాను.

మూడు వారాలు తిట్లు తింటారు. నాలుగో వారం నుంచి మకాంలో కాగితం చదువుకుంటారు.

ఇంకో మాట. తెల్లమచ్చ వైరస్‌కి మందు లేదు. రొయ్య ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ రోగానికీ లేదు. ఉన్నట్టు ఆశపడి రైతు ఒకటి తర్వాత ఒకటి డబ్బాలు అడుగుతాడు, మీరు ఇస్తారు, అదీ అరువులోనే. చెరువు పోయాక ఆ డబ్బాల బిల్లు మీద ఇద్దరికీ మాట పెరుగుతుంది. ‘దీనికి మందు లేదు బాబాయ్, ల్యాబ్‌లో చూపించు, ఉన్న సైజు పట్టేసుకో’ అనే ధైర్యం తెచ్చుకోండి. మీరు రొయ్యల డాక్టరు కారు, ఆ బరువు ఎవరో మీ నెత్తిన పెట్టారు, మీరు దించుకోలేదు.

సెలవు గురించి ఇప్పుడు మాట్లాడొచ్చు. మీ దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లకు వారానికో రోజు సెలవు ఇవ్వాలని 1988 నాటి మన రాష్ట్ర దుకాణాల, సంస్థల చట్టం చెబుతుంది. ఇస్తున్నారో లేదో మీరు రాయలేదు, ఇవ్వండి. వాళ్లతోపాటు మీరూ. మొదట ఆదివారం మధ్యాహ్నం నుంచి మూసేయండి, రెండు నెలలకు రోజంతా. మీ రైతులే పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతారు కదా. అడుగు బీటలు తీసేదాకా ఆరబెట్టి, సున్నం చల్లి, కొన్నాళ్లు వదిలేస్తారు. వెంటనే నీళ్లు పెట్టి సీడు వదిలితే పాత రోగం కొత్త పంటకు అంటుకుంటుందని వాళ్లకు మీరే చెప్పి ఉంటారు. చెరువులు ఎక్కువగా ఎండే వారాలు మీ షాపుకు ఏవో మీకు తెలుసు. అందులో ఒక వారం ఇప్పుడే క్యాలెండర్‌లో కొట్టేయండి. కోనసీమ రైతులు 2011లో గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించి చేలు వదిలేశారు. అన్నం పెట్టే రైతే అంత మాట అనగలిగాడు, మీరు వారం రోజులు షట్టర్ దించితే గోదావరి వెనక్కి పారదు.

మీ ఆవిడ ఏమీ అనదని రాశారు. ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు మా అమ్మ కనిపించింది. అమ్మ కూడా ఏమీ అనేది కాదు. పదకొండేళ్లుగా జీతం లేకుండా లెక్కలు చూస్తున్న మనిషికి, మీరు చూడడానికి భయపడుతున్న అంకె ఉజ్జాయింపుగా తెలిసే ఉంటుంది. మీరు కంగారు పడతారని ఆవిడ చెప్పడం లేదు, ఆవిడ బాధపడుతుందని మీరు అడగడం లేదు. ‘నీకెలా ఉంది’ అని అడగండి. అడిగి, ఆవిడ చెప్పేదాకా ఆగండి. మీకంటే ముందే అలిసిపోయి ఉండొచ్చు. ఇంటి ఖర్చుకు గల్లాపెట్టెలోంచి ఎంత పడితే అంత తీయడం మానేసి, నెలకు ఇద్దరికీ ఇంత అని జీతం రాసుకోండి. పిల్లాడికి సారీ చెప్పండి. నాన్న తనమీద కోపంతో అరవడం లేదని వాడికి ఎవరైనా చెప్పాలి, మీకంటే తగినవాళ్లు లేరు.

పెగ్గుల మాట. మందు నిద్ర పుచ్చుతుంది, నిజమే, కాని రాత్రి రెండో సగంలో ఆ నిద్రను చెడగొడుతుంది. మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడంలో ఫోన్లకు ఎంత వాటా ఉందో దీనికీ ఉండొచ్చు. రెండు పెగ్గులు మూడు కాకముందే ఆపండి. ఒకవేళ రోజూ ఎక్కువే తాగుతున్నట్టయితే ఒక్కరోజులో మానేయకండి, డాక్టరుకు చెప్పి మానండి. అదే చేత్తో బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. అలసట అన్నదంతా మనసుదే అయి ఉండాలని లేదు. ఒకసారి తీసిన ఈసీజీ బాగుందంటే గుండె సంగతి పూర్తిగా తేలిపోయినట్టు కాదు. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో పట్టేస్తుంటే గుండె డాక్టరుకు చూపించండి. చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే ఎవరి ఫోన్ కోసమూ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఒకటి అడుగుతాను, దాచకండి. ‘నేను లేకపోతే ఈ బాకీలన్నీ తీరిపోతాయి’ అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? దేని మీదా ఇష్టం లేకుండా వారాల తరబడి ఉంటోందా? అలా ఉంటే ఇది పని అలసటను దాటిపోయింది, మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఇవాళే కలవడం కుదరకపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది, మనసు బాగోలేనివాళ్ల కోసం ఫోన్ సేవ. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. మూడింటికి మెలకువ వస్తే ఆ నంబరుకు చేయడానికి సిగ్గుపడకండి. ఆ గంటలో మీకు ఎంతమంది ఫోన్ చేస్తున్నారు, మీరు ఎవరికైనా చేయొద్దూ?

షాపు మూసేయమంటారా అన్నారు. ఇప్పుడు చెప్పను, మీరూ నిర్ణయం తీసుకోకండి. నిద్ర లేని మనిషి అమ్మిన పొలం, తెంచుకున్న చుట్టరికం తర్వాత తిరిగి రావడం నేను చూడలేదు. ఒక పంట కాలం, సుమారు నాలుగు నెలలు గడవనివ్వండి. ఈలోగా మొత్తం వేసి, హద్దు పెట్టి, రాత్రులు నిద్రపోయి చూడండి. అప్పటికి షాపు నడవడానికి మీ నిద్ర తప్ప వేరే పెట్టుబడి లేదని తేలితే, కొత్త అరువు ఆపి, పాతవి వసూలు చేసుకుంటూ ఏడాదిలో నెమ్మదిగా మూసేయండి. భీమవరం, పాలకొల్లు వైపు నగదు బేరం మీదే నడిచే చిన్న షాపులు ఉన్నాయి. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషికి జీతం ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మీరు మూసేస్తే నాకు మీ మీద గౌరవం ఏమీ తగ్గదు. నడిపిస్తే పెరిగేదీ లేదు. మీ అబ్బాయి పదో తరగతికి వచ్చేసరికి మీరు రెండు చేతులతో అన్నం కలుపుకు తింటూ వాడి పక్కన కూర్చుని ఉండాలి, నాకు కావల్సింది అది.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ పుస్తకాలు తీయండి. ఒక సాయంత్రానికి తెమలకపోతే సోమవారం షాపు రెండు గంటలు ఆలస్యంగా తెరవండి. గీత గీసి, కింద అంకె వేశాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. పేరు, ఊరు ఈసారీ వద్దు. ఆ అంకె మాత్రం రాయండి.